బోడిదిన్నె దేవర పేరు

ఎనుములదొడ్డి ఓబళార్యులుగారిని ప్రశ్న అడగాలంటే ముందు చేతులు కడుక్కుని పోవాలి. ఆయన జవాబు చెప్పడు, కండె చేతికిస్తాడు. అడిగినవాడు రాట్నం ముందు కూర్చుని నూలు చుట్టాలి. చుట్టినంతసేపూ ఆయన గుంట మగ్గంలో కాళ్ళు దించుకుని, నాడె అటూ ఇటూ విసురుతూ, ఆ ప్రశ్న తన చెవిన పడనట్టే నేస్తూ ఉంటాడు. పది కండెలు అయ్యేసరికి సగంమంది తాము అడిగిందేమిటో మరిచిపోయేవాళ్ళు. మిగిలిన సగంమందికి అదేమంత పెద్ద ప్రశ్న కాదులే అనిపించి, దండం పెట్టి ఇంటికి పోయేవాళ్ళు. అప్పటికీ కదలకుండా కూర్చున్న మొండివాణ్ణి మాత్రం ఏదో ఒక పనికి పురమాయించేవాడు. ఫలానా బావి నుంచి నీళ్ళు తోడుకురా అనో, ఫలానా వాళ్ళ పెళ్ళి పందిట్లో కాసేపు కూర్చుని రా అనో. ఆ పనిలో వాడికి జవాబు దొరికిందా లేదా అని మళ్ళీ అడిగేవాడు కాదు. "ఈ ముసలాయనకు వేదాంతం వచ్చో రాదో గానీ, ఊరకే కండెలు చుట్టించుకోవడం బాగా వచ్చు" అని గిట్టనివాళ్ళు అనేవాళ్ళు. ఆ మాట ఎవరైనా మోసుకొచ్చి చెప్తే, ఆయన నిజమేనన్నట్టు తల ఊపి, వాళ్ళకూ ఒక కండె ఇచ్చేవాడు.

ఆయన శిష్యుల్లో అందరికంటే మొండివాడు తిరుపాలు. ఊళ్ళో బడి అయివారు. వయసు ముప్పై దాటలేదు గానీ చాదస్తానికి అరవై నిండాయి. ఎక్కడ తప్పు కనబడినా దిద్దకపోతే అన్నం సహించదు. పెళ్ళి పత్రికలో ఒత్తు తప్పు పడితే పెళ్ళివారింటికి పోయి మరీ చెప్పి వచ్చే రకం. ఆ తరవాత భోజనానికి పిలుపు రాకపోతే, ఎందుకు రాలేదా అని నిజంగానే ఆశ్చర్యపోయే రకం.

ఒక మంగళవారం సాయంత్రం, బడి వదలగానే, తిరుపాలు చేతిలో ఒక సర్కారు కాగితంతో వచ్చాడు. రాట్నం ముందు కూర్చుని, చెప్పకముందే పన్నెండు కండెలు చుట్టేశాడు. పదమూడోది పక్కకు నెట్టి, "స్వామీ, బోడిదిన్నె మీద ఉన్నది ఎవరు?" అన్నాడు.

ఈ ప్రశ్న వెనక చాలా రామాయణం ఉంది. అది ముందు చెప్పుకోవాలి.

ఊరికి ఉత్తరాన ఒక దిన్నె ఉంది. నాగలి పెడితే కుండపెంకులు, విరిగిన ఇటుకలు తప్ప మరేమీ పైకి రావు. దాని మీద నాలుగు బండలు నిలబెట్టి పైన ఒక బండ కప్పిన నీడలో ఒక నల్లరాతి విగ్రహం ఉంది. బాసింపట్టు వేసుకుని, ఒళ్ళో చేతిమీద చెయ్యి పెట్టుకుని, కళ్ళు సగం మూసుకుని ఉంటుంది. తల నున్నగా బోడి. చెవులు భుజాల దాకా సాగి ఉంటాయి. ఒంటిమీద నూలుపోగు కూడా చెక్కకుండా వదిలేశాడు ఆ శిల్పి. వాడు వదిలేస్తే ఊరు వదిలేస్తుందా? మగ్గాల వీధి ఆడవాళ్ళు చీర కట్టి "బోడమ్మ" అన్నారు. గొర్ల కాపరులు కంబళి కప్పి "బోడప్ప" అన్నారు. అగ్రహారంలో మిగిలిన ఒకే ఒక ఇంటి పెద్ద వామనాచార్లు మాత్రం, ఆ రెండూ అజ్ఞానమనీ, ఈయన లంక నుంచి తిరిగివచ్చాక జడలు తీయించుకుని తపస్సులో కూర్చున్న రాములవారనీ చెప్పి, పసుపు పంచె తెచ్చి కట్టేవాడు. ఎవరి రోజున వాళ్ళు వచ్చేవాళ్ళు. ముందువాళ్ళు కట్టింది విప్పి, బుద్ధిగా మడిచి పక్కన పెట్టి, తమది కట్టి పోయేవాళ్ళు. తాతల కాలం నుంచి ఇదే తీరు. ఒక్కనాడూ తగువు రాలేదు. ఎందుకు రాలేదంటే, ఇది ఎవరు అని నిలబెట్టి అడిగినవాడు లేడు గనుక.

అడిగేవాడు పోయిన వారం జీపులో దిగాడు. పాత శిల్పాలను చూసుకునే సర్కారు ఆఫీసరు. ఊరివాళ్ళకు ఆ ఉద్యోగం పేరు నోరు తిరగక రాళ్ళాఫీసరు అన్నారు. ఆయన నల్లకళ్ళద్దాలు తీసి, విగ్రహం చుట్టూ మూడుసార్లు తిరిగి చూశాడు. ఆఫీసరు ప్రదక్షిణం చేశాడని ఊరంతా సంతోషపడింది. తరవాత తిరుపాలును పక్కకు పిలిచి, "మాస్టారూ, ఇది అమ్మా కాదు, అప్పా కాదు. జైన ముని. వెయ్యేళ్ళకు పైమాటే. ఈ దిన్నె కింద వాళ్ళ మఠం ఉండి ఉంటుంది. ఏం మనుషులండీ వాళ్ళు! ఒంటిమీద బట్ట ఉండదు. రోజుకు ఒక్కపూట తిండి. చీమకు కూడా అపకారం చెయ్యరు. చేతిలో నెమలి ఈకల కుంచె ఒకటి పెట్టుకుని, కూర్చునే చోట పురుగూ పుట్రా ఉంటే నలిగిపోతాయని, మెల్లగా ఊడ్చి గానీ కూర్చోరు. అట్లాంటి మునికి చీర కట్టారు మీవాళ్ళు!" అని నవ్వాడు. తిరుపాలుకు తలకొట్టేసినట్టయింది.

ఆఫీసరు పోతూ పోతూ ఒక కాగితం ఇచ్చాడు. విగ్రహం ఊరి పూజలో ఉంటే అక్కడే ఉంచుతారు. లేకపోతే పట్నం తీసుకుపోయి మ్యూజియంలో పెడతారు. ఏ దేవుడని పూజిస్తున్నారో రాసి, కింద ఊరంతా వేలిముద్రలు వెయ్యాలి. శుక్రవారం లారీతో వస్తానన్నాడు. ఆ కాగితంలో "దేవుని పేరు" అన్నచోట ఒకే ఒక్క గీత ఉంది.

అక్కడ మొదలైంది రచ్చ. బోడమ్మ అని రాస్తే గొర్ల కాపరులు వేలు కదపరు. బోడప్ప అంటే మగ్గాల వీధి ఆడవాళ్ళు పొరక ఎత్తుతారు. ఈ రెంటిలో ఏది రాసినా వామనాచార్లు నిరాహారదీక్ష అంటాడు. ఈ ముగ్గురి సంగతి ఒక ఎత్తయితే, తిరుపాలు సంగతి ఒక ఎత్తు. మూడూ తప్పని తెలిసి ఏదో ఒకటి రాయడానికి అతనికి చెయ్యి రాదు. ఉన్న నిజం రాద్దామంటే, ఆ ముని పేరు ఎత్తి మొక్కేవాడు నలభై మైళ్ళలో ఒక్కడు లేడు కాబట్టి లారీ ఎక్కించేస్తారు. పోనీలే, రాయే కదా అనుకునే వీలు కూడా లేదు. అతని తల్లి గంగులమ్మ, ముగ్గురు బిడ్డలు పురిట్లోనే పోయాక, బోడమ్మకు మొక్కుకుని తిరుపాలును కన్నది. "ఆ యమ్మను లారీ ఎక్కించిన దినం నన్నూ ఎక్కించండి" అని ఆమె పొద్దుటి నుంచి అన్నం మానేసి కూర్చుంది. కొడుకు తలచుకుంటే ఒక్క పేరు రాయలేడా అని ఆమె ఏడుపు. రాస్తే అబద్ధం కదా అని అతని ఏడుపు.

"మా అమ్మ, గొర్ల కాపరుల బీరప్ప, ఆచార్లు, ముగ్గురూ తప్పు స్వామీ. ఆఫీసరొక్కడే రైటు. ఇన్నేళ్ళుగా వీళ్ళు ఎవరికి మొక్కుతున్నట్టు? లేని బోడమ్మకా? లేని బోడప్పకా? నేనేం రాసేది?" అన్నాడు తిరుపాలు.

ఓబళార్యులు నాడె ఆపాడు. "రేపు బడికి సెలవు పెట్టు నాయనా. పొద్దు పొడిచినప్పటి నుంచి పొద్దు గుంకేదాకా దిన్నె మీద ఆ విగ్రహం పక్కన కూర్చో. అది ఎట్ల కూర్చుందో అట్లనే. నోరు మాత్రం తెరవొద్దు."

"తెరిస్తే ఏమవుతుంది స్వామీ?"

"ఇప్పుడు తెరిచినావు కదా, ఏమయింది?" అని ఆయన మళ్ళీ మగ్గం తొక్కడం మొదలుపెట్టాడు.

బుధవారం పొద్దున్నే తిరుపాలు తలస్నానం చేసి, తెల్ల పంచె కట్టుకుని దిన్నె ఎక్కాడు. తల అని ఊరకే అన్నాను. వారం కిందటే అతను తిరుపతి కొండకు పోయి గుండు చేయించుకుని వచ్చాడు. దూరం నుంచి చూస్తే ఆ బండల నీడలో రెండు బోడి తలలు ఎండకు మెరుస్తున్నాయి. బాసింపట్టు వేసుకున్నాడు. చేతిమీద చెయ్యి పెట్టుకున్నాడు. ఆఫీసరు చెప్పిన మాటలన్నీ మనసులో ఒక్కొక్కటే నెమరువేసుకున్నాడు. ఆహా, ఏం మనుషులు, ఏం నియమం, ప్రాణులంటే ఎంత దయ అని కరిగిపోతూ అతను కూర్చున్నది సరిగ్గా ఎర్రచీమల బారు మీద.

చీమలు కాసేపు మర్యాద చూపించాయి. ఈ కొండ ఎటునుంచి వచ్చిపడిందా అని అటూ ఇటూ తిరిగాయి. అంతలో దిన్నె కింద గొర్రెల మంద ఆగింది. గొర్ల కాపరుల పెద్ద బీరప్ప చంకలో కంబళి, చేతిలో పాలచెంబు, పంచె కొంగున బెల్లం ముక్కతో పైకి వచ్చాడు. ఊళ్ళో గంగమ్మ జాతరకు ఒక్క వేటుకు పోతును తెగవేసే బీరప్పే ఇతను. ఇక్కడికి మాత్రం పాలూ బెల్లమూ తప్ప తేడు. బోడప్పకు నెత్తురు పడదంటాడు. అయివారు ఉలకకుండా కూర్చున్నది చూసి ఒకసారి తేరిపార చూశాడు గానీ, చదువుకున్నవాళ్ళకు ఏమైనా ఉంటాయిలే అనుకుని, బండ సందులో దోపి ఉన్న నెమలి కుంచె తీసి, తను మోకాళ్ళు ఆనించే చోటు ఊడ్చుకుని, కళ్ళు మూసుకున్నాడు.

సరిగ్గా అప్పుడు చీమలు ఒక నిర్ణయానికి వచ్చాయి.

తిరుపాలు ఒక్క ఎగురు ఎగిరాడు. నోరు తెరవకూడదు కాబట్టి అరుపంతా కాళ్ళలోకి దిగింది. ఎగిరి దూకి, తిరిగి, ఒంగి, పంచె ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో తొడల మీద చరుచుకోబోయాడు. బీరప్ప కళ్ళు తెరిచి చూసి, "బోడప్పా!" అని నేలమీద సాగిలబడ్డాడు. బడి అయివారికి బోడప్ప పూనినాడు! దడదడలాడుతూ లేచి, చీమల మీద పడబోతున్న ఆ చేతిని గబుక్కున పట్టుకున్నాడు. "వద్దు సామీ, వద్దు! చంపబాకు! ఇవి నీ జీవాలే కదప్పా! సిద్ధుడు శపిస్తే చీమలైపోయిన నీ మందే కదా! ఇన్నేండ్లకు ఒంటిమీదికి వచ్చి, నీ గొర్రెల్ని నువ్వే గుర్తుపట్టకపోతే ఎట్ల!" అంటూ, కుంచె తీసుకుని అయివారి వీపు మీది చీమలను, కాళ్ళ మీది చీమలను, ఒక్కటి నలగకుండా దులిపి నేలకు దింపాడు. అంత ఓపికగా అతను తన పెళ్ళాం తల్లో పేలు కూడా ఎప్పుడూ చూసి ఉండడు.

దులపడం అయ్యాక చేతులు జోడించాడు. "వచ్చినవాడివి వచ్చినావు. రెండు దినాలాయె, నా కొమ్ముల పొట్టేలు కనపడ్లేదు. యాడుందో చెప్పి పో సామీ."

తిరుపాలు కాదు కాదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. పూనకం ఇంకా దిగలేదనుకున్నాడు బీరప్ప. చీమలు కుట్టాయని చెప్పడానికి తిరుపాలు ఆ బారు పోతున్న వైపు చెయ్యి చూపించాడు. అది తూర్పు. బీరప్ప ఇంకో మాట లేకుండా తూర్పుకు పరుగెత్తాడు.

ఖర్మ కాలి, పొట్టేలు తూర్పునే దొరికింది. చౌటబావి పక్కన కంపలో కొమ్ములు చిక్కుకుని అరుస్తూ ఉందట.

ఇంక చూడండి. ఎండ ఎక్కేసరికి దిన్నె మీద జనం. నిమ్మకాయలు వచ్చాయి, పసుపు వచ్చింది, ఎవరో వేపమండలు కట్ట కట్టి తెచ్చి అయివారి చేతిలో పెట్టారు. ఒకామె, అలిగి పుట్టింటికి పోయిన కోడలు తిరిగి వస్తుందా రాదా అని అడిగింది. నేను దేవుణ్ణి కానమ్మా అని తిరుపాలు తల అడ్డంగా ఊపాడు. ఆమె గొల్లుమంది. కంగారుపడి నిలువుగా ఊపాడు. ఆమె కళ్ళు తుడుచుకుని, కోడలికి ఇష్టమని అలసందలు నానబోయడానికి ఇంటికి పరుగెత్తింది. కాదంటే ఒక అర్థం తీస్తున్నారు, అవునంటే ఒక అర్థం తీస్తున్నారు, రెండూ కాకుండా దిమ్మరపోయి చూస్తే దానికి ఇంకా పెద్ద అర్థం తీస్తున్నారు. జన్మంతా తప్పులు దిద్దినవాడు తనే ఒక తప్పయి కూర్చున్నాడు, దిద్దుకోవడానికి నోరు లేదు. పక్కనున్న విగ్రహం వైపు ఓరగా చూశాడు. దానికి ఇది అలవాటే అన్నట్టు అది కూర్చుని ఉంది.

మిట్టమధ్యాహ్నం వామనాచార్లు గొడుగు వేసుకుని వచ్చాడు. "పూనకమా! శుంఠల్లారా! రాములవారు ఎక్కడైనా బడిపంతులుకు పూనుతారా?" అని అందర్నీ కేకలేశాడు. అందర్నీ కేకలేస్తూనే గొడుగు ముడిచి, నెమలి కుంచె అందుకుని, ముందు కుడివైపు, తరవాత ఎడమవైపు నేల ఊడ్చి, పంచె ఎగగట్టుకుని కూర్చున్నాడు. "ఏమోయ్ తిరుపాలూ, ఊడ్చుకోకుండా కూర్చున్నావటగా. బుద్ధి ఉందా? లంకలో పడిన సేన యావత్తూ చీమలై పుట్టి స్వామి చుట్టూ తిరుగుతోంది. ఇక తన ఎదుట ఒక్క ప్రాణి పోకూడదని స్వామి సంకల్పం. అందుకే కదా ఈ దిన్నె మీద కత్తి ఎత్తరు. చదువుకున్నవాడివి, నువ్వైనా ఈ మూఢులకు చెప్పకూడదూ, ఇది రాముడని? ఏం, మాట్లాడవేం? మౌనమా? అంటే ఒప్పుకున్నట్టే. రాసెయ్ అయితే కాగితంలో" అని లేచి, తన గెలుపు తనే చాటుకుంటూ దిగిపోయాడు.

ఆయన దిగుతుంటే గంగులమ్మ ఎక్కింది. నెత్తిన సంగటీ ఊరిబిండి పచ్చడీ పెట్టిన గంప. తను పస్తున్నా కొడుకును పస్తుంచే రకం కాదు ఆమె. జనాన్ని చూసి ఒంటికాలి మీద లేచింది. "పూనకమూ లేదు, పాడూ లేదు. పోండి, ఇండ్లకు పోండి! వాడు నా కొడుకు. చిన్నప్పటి నుంచీ చీమ కుడితే ఇట్లనే ఎగురుతాడు."

జనం కదిలారు గానీ నమ్మలేదు. "కన్నతల్లి కంటికి ఎట్ల కనపడుతుందిలే" అనుకుంటూ దిగారు.

గంగులమ్మ గంప దించి కొడుకు వైపు తిరిగింది. "ఒరే, ఊడ్చకుండా కూర్చున్నావంట! పాలు తాగే నాటి నుంచి చెప్తాండానే, అమ్మ ముందర ఊడ్చి కూర్చోవల్లని! ఆ యమ్మ బిడ్డలు పోయిన తల్లిరా. పుట్టిన బిడ్డ పుట్టినట్టు పోతాంటే, ఏడ్చి ఏడ్చి, తల గొరిగించుకుని ఈ దిన్నె మీదికి వచ్చి కూర్చుంది. అప్పుడు ఈ చీమలు వచ్చి, మేము లేమా అమ్మా నీకు బిడ్డలం, అని ఒళ్ళో పాకినాయి. ఆ బిడ్డల మీద పోయి కూర్చుంటివి గదరా, సచ్చినోడా!" ఆ మాటలంటూనే ఆమె కుంచె తీసుకుంది. పోయిన ముగ్గురు బిడ్డలను ఆ రోజుల్లో ఏ చేత్తో నిమిరిందో ఆ చేత్తోనే, అంత మెల్లగా, కొడుకు చుట్టూ నేల ఊడ్చింది. తను కూర్చునే చోటు ఊడ్చుకుంది. సంగటి ముద్ద విరిచి, మొదటి చిటికెడు చీమల బారు పక్కన పెట్టింది. తరవాత కొడుకు చేతిలో పెట్టింది.

తిరుపాలు మొదటి ముద్ద మింగి, రెండోది నోట్లో పెట్టుకోబోయి ఆగిపోయాడు. అతని చూపు ఆ కుంచె మీద నిలిచింది. కూర్చునే చోట మెల్లగా ఊడ్చి గానీ కూర్చోరు అని ఆఫీసరు అన్న మాట చెవిలో గంట కొట్టినట్టు మోగింది. పొద్దున బీరప్ప ఊడ్చాడు. మధ్యాహ్నం ఆచార్లు ఊడ్చాడు. ఇప్పుడు అమ్మ ఊడ్చింది. చిన్నప్పుడు తనూ ఊడ్చాడు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న పని కాబట్టి ఒక్కనాడైనా దాన్ని చూడలేదు. ఈ దిన్నె మీద పొద్దుటి నుంచి ఊడ్చకుండా కూర్చున్నవాడు ఒక్కడే. ఇది ఎవరి విగ్రహమో తెలిసినవాడు కూడా వాడొక్కడే!

సిగ్గుతో అతని మొహం బోడినెత్తి దాకా ఎర్రబడింది. ఆ సిగ్గు వెనకాలే ఎక్కడలేని సంతోషం పొంగుకొచ్చింది. కళ్ళ వెంట నీళ్ళు జారాయి.

"ఊరిబిండి కారమైందా నాయనా?" అని గంగులమ్మ నీళ్ళచెంబు అందించింది.

ఆ సాయంత్రం పొద్దు గుంకేదాకా తిరుపాలు అక్కడే కూర్చున్నాడు. ఎవరి తప్పూ దిద్దాలనిపించలేదు. అది అతని జీవితంలో మొదటిసారి.

శుక్రవారం ఆఫీసరు లారీతో వచ్చాడు. తాళ్ళు, గడ్డపారలు, నలుగురు మనుషులు. ఊరంతా దిన్నె చుట్టూ మూగింది. గంగులమ్మ కొంగు నడుముకు చుట్టి ముందు నిలబడింది. ఆఫీసరు కాగితం అడిగాడు. తిరుపాలు ఇచ్చాడు. పేరు రాసే గీత ఖాళీగా ఉంది.

"ఏం మాస్టారూ, పేరు ఏదీ?"

తిరుపాలు నోరు తెరిచేలోగా మూడు దిక్కుల నుంచి మూడు పేర్లు వచ్చాయి. "బోడమ్మ" అంది గంగులమ్మ. "అదేందక్కా, బోడప్ప గదా, మొన్ననే పూని నా పొట్టేలు చూపించె" అన్నాడు బీరప్ప. "రామచంద్రప్రభువు!" అని గొడుగు నేలకు కొట్టాడు వామనాచార్లు. అంతే, దిన్నె సంతయిపోయింది. ఎవరి గొంతు ఎవరికీ వినబడలేదు. ఆఫీసరు చెవులు మూసుకుని కాసేపు నిలబడి, చివరికి విసుగెత్తి కాగితం మడిచాడు. "పేరే తెలియని దేవుడికి పూజ ఏమిటండీ? ఇది ఎవరిదో మీలో ఒక్కరికీ తెలియదు. కానివ్వండి, తాళ్ళు కట్టండి" అని మనుషులకు చెప్పి, తనే ముందు అడుగు వేశాడు.

"ఆగండి!" అని ముగ్గురూ ఒక్కసారే అరిచారు.

ఆఫీసరు ఒక కాలు గాలిలో ఉంచి ఆగాడు. అడ్డం పడతారు, కాళ్ళావేళ్ళా పడతారు, రాళ్ళు విసిరినా విసురుతారు అనుకున్నాడు పాపం. వాళ్ళలో ఒక్కరు కూడా విగ్రహం మాట ఎత్తలేదు.

"కాలి కింద చీమలయ్యా!" అంది గంగులమ్మ. "ఊడ్చినాక పో నాయనా." ఆమె కళ్ళ నిండా నీళ్ళున్నాయి. తన దేవతను తీసుకుపోవడానికి వచ్చినవాడి పాదం కింద వంగి నెమలి కుంచెతో ఊడ్చింది. కుంచె ఒక్కటే ఉంది కాబట్టి, గడ్డపారలవాళ్ళు నడిచే చోట బీరప్ప తన కంబళి కొసతో ఊడ్చాడు. వామనాచార్లు ఉత్తరీయం తీసి, "అట్లా కాదు, కుడి నుంచి ఎడమకు" అని బీరప్పను మందలిస్తూ తనూ వంగాడు. ఒక్క నిమిషం కిందట గొంతులు చించుకున్న ఊరు, మాటా పలుకూ లేకుండా వంగి నేల ఊడుస్తోంది. నలుగురు కూలీలూ ఎక్కడ అడుగు పెట్టాలో తెలియక తాళ్ళు పట్టుకుని బిక్కమొహం వేశారు.

తిరుపాలు ఆఫీసరు పక్కకు వచ్చాడు. "సార్, ఆ మునులు కూర్చునే ముందు ఏం చేస్తారన్నారు?"

"నెమలి ఈకల కుంచెతో..." అని మొదలుపెట్టిన ఆఫీసరు మధ్యలో ఆగిపోయాడు. గంగులమ్మ చేతిలోకి చూశాడు. దిన్నె నిండా వంగి ఉన్న వీపులను చూశాడు. గొంతు తగ్గించి, "వీళ్ళకు ఎవరు చెప్పారు మాస్టారూ?" అన్నాడు.

"ఎవరూ చెప్పలేదు సార్. మా అమ్మకు వాళ్ళమ్మ చెప్పింది. ఆమెకు వాళ్ళమ్మ. ఎందుకు ఊడుస్తారని అడిగితే ముగ్గురూ మూడు కథలు చెప్తారు. మూడూ తప్పే."

ఆఫీసరు నల్లకళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఎత్తిన కాలు ఇంకా ఎత్తే ఉంది. చుట్టూ ఊడ్చిన చోటు చూసుకుని, జాగ్రత్తగా ఆ కాలు వెనక్కి పెట్టాడు. లారీ దగ్గరికి పోయి, బానెట్ మీద కాగితం పరిచి, కలం తీశాడు. "పూజ జరుగుచున్నది. కదిలించరాదు" అని రాశాడు. దేవుని పేరు దగ్గరికి వచ్చి చాలాసేపు ఆలోచించాడు. ఏమీ రాయకుండా తలకాయ ఊపి సంతకం పెట్టాడు. పేరు లేదు కాబట్టి వేలిముద్రలు వెయ్యడానికి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. గంగులమ్మ పక్కన బీరప్ప, బీరప్ప పక్కన వామనాచార్లు, వరసగా వేశారు. తనకు సంతకం వచ్చని ఆచార్లు ఎంత చెప్పినా వినకుండా ఆయన చేతా వేలిముద్రే వేయించారు.

లారీ ఖాళీగా పోయింది. అది ఊరి పొలిమేర దాటకముందే, రాళ్ళాఫీసరు దిన్నె మీద కాలు పెట్టబోతే ఆ కాలు గాలిలో బిగుసుకుపోయిందనీ, ఆమె కరుణించి వదిలిందనీ మగ్గాల వీధిలో చెప్పుకున్నారు. ఆమె కాదు ఆయన అని గొర్ల కాపరులు చెప్పుకున్నారు. తిరుపాలు రెండూ విన్నాడు. ఏదీ దిద్దబోలేదు. ఆ రాత్రి గంగులమ్మ కడుపునిండా అన్నం తిన్నది.

మరునాడు తిరుపాలు రాట్నం ముందు కూర్చున్నాడు. పది కండెలు చుట్టాడు, ఇరవై చుట్టాడు. కానీ పుట్టుకతో వచ్చిన మొండితనం ఎక్కడికి పోతుంది? ఇరవై ఒకటో కండె చేతిలో పట్టుకుని, "స్వామీ, విగ్రహం మనకు దక్కింది. అమ్మ అన్నం తింటోంది. కానీ నేను అడిగింది మాత్రం అట్లనే ఉంది. మా అమ్మ మొక్కేది బోడమ్మకు. బీరప్ప మొక్కేది బోడప్పకు. ఆచార్లు మొక్కేది రాముడికి. ఆ ముని పేరు వీళ్ళలో ఒక్కరికీ తెలియదు. మరి ఇన్ని వందల ఏళ్ళుగా ఈ ఊరు కొలుస్తున్నది ఎవరిని?" అన్నాడు.

ఓబళార్యులు నాడె విసరబోయి ఆగాడు. పడుగు దారాల మీద ఒక ఎర్రచీమ పోతోంది. అది తాపీగా ఈ అంచు నుంచి ఆ అంచుకు దాటి, మగ్గం కొయ్య మీదికి ఎక్కేదాకా ఆయన చెయ్యి ఎత్తి అట్లాగే ఉంచాడు.

"నన్నెందుకు అడుగుతావు నాయనా," అన్నాడు. "చీమల్ని అడుగు."